కాప్సికం గింజ వేస్తే కారపు కాయ ఎందుకు కాసింది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా మిద్దె తోటలో కాప్సికం, పచ్చిమిర్చి పక్కపక్క కుండీల్లో పెట్టాను. పోయినేడు కాప్సికం కాయలు మామూలుగా, కమ్మగానే ఉన్నాయి. బాగా పండిన ఒక కాయ గింజలు దాచి ఈ ఏడు వేస్తే ఆరు మొక్కలు వచ్చాయి. నాలుగింటికి కాప్సికమే కాసింది. రెండింటికి మాత్రం వేలెడంత కోల కాయలు, నోట్లో పెట్టలేనంత కారం. మా అబ్బాయి టెన్త్ పుస్తకం చూసి, కారం బహిర్గత లక్షణం, బలమైంది కాబట్టి గెలిచింది అంటున్నాడు. నిజమేనా? ఇలా వదిలేస్తే కొన్నాళ్లకు కాప్సికం అంతా కారంగా మారిపోతుందా? ఈ రెండు మొక్కల నుంచి మళ్లీ కాప్సికం రాబట్టవచ్చా?"

మీ అబ్బాయి చెప్పింది సగం కరెక్టు. కారం బహిర్గత లక్షణమే. "బలమైంది, గెలిచింది" అన్న దగ్గరే నాకు పేచీ. ముప్పై ఏళ్లు కూరగాయల విత్తనాల బ్రీడింగ్‌లో పని చేశాను, ఇప్పుడు రిటైరై నేనూ మిద్దె మీద కుండీలే పెట్టుకున్నాను. కొత్తగా పనిలో చేరిన పిల్లల బుర్రలోంచి ఈ బలం, గెలుపు అన్న మాటలు తీయించడానికి పడినంత పాట్లు ఇంకే పాఠానికీ పడలేదు.

ముందు మీ కుండీలో ఏం జరిగిందో చూద్దాం. కాప్సికం, పచ్చిమిర్చి రెండూ ఒకే జాతి మొక్కలు. కాయ ఆకారం చూస్తే దూరపు చుట్టాలు అనిపిస్తాయి కానీ ఒకదాని పుప్పొడి ఇంకోదానికి హాయిగా అంటుకుంటుంది. మిరప పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. అయినా తేనెటీగలు ఊరుకోవు కదా. ఒక కాయలో వందకు పైగా గింజలుంటాయి, ఒక్కో గింజ వెనక ఒక్కో పుప్పొడి రేణువు. కాబట్టి ఒకే కాయలో కొన్ని గింజలకు తండ్రి కాప్సికం, కొన్నింటికి తండ్రి పక్క కుండీలోని పచ్చిమిర్చి. మీ ఆరింటిలో నాలుగు మొదటి రకం, రెండు రెండో రకం. అంతే.

ఇక కారం సంగతి. మొక్కలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మిరపలో పన్1 అని ఒక జన్యువు ఉంది. కారాన్ని పుట్టించే క్యాప్సైసిన్ తయారు కావాలంటే కావలసిన ఒక ఎంజైమును ఇది చేసిపెడుతుంది. కాప్సికంలో ఈ జన్యువులో పెద్ద ముక్కే ఊడిపోయింది, ఎంజైము తయారు కాదు. అంటే కాప్సికంలో కారాన్ని అణిచే శక్తి ఏదో ఉందని కాదు, కారం చేసే సరంజామా పాడైపోయి ఉంది.

ఇంట్లో రెండు కుక్కర్లున్నాయి అనుకోండి. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తే అన్నం ఉడుకుతుంది. కంచంలో అన్నం చూసి వంటింట్లో ఒక కుక్కర్ మూలన పడి ఉందని ఎవరూ చెప్పలేరు. రెండూ పాడైతేనే ఆ పూట పస్తు. మీ కారపు మొక్కల్లో తల్లి కాప్సికం ఇచ్చిన ప్రతి పాడైంది, పచ్చిమిర్చి పుప్పొడితో వచ్చిన ప్రతి పనిచేస్తోంది. ఒకటి చాలు, కాయ మండుతుంది. కమ్మదనం అనే లక్షణం ఓడిపోలేదు, ఆ పాడైన ప్రతి మొక్క లోపల అలాగే భద్రంగా ఉంది. మీకు కనబడటం లేదంతే.

అందుకే మన తెలుగు పుస్తకాల్లోని మాటలు నాకు ఇంగ్లీషు మాటలకంటే నచ్చుతాయి. ఇంగ్లీషులో డామినెంట్ అనగానే ఎవరో ఎవరి మీదో పెత్తనం చేస్తున్నట్టు వినిపిస్తుంది. మనవాళ్లు బహిర్గతం, అంతర్గతం అన్నారు. ఒకటి బయటపడింది, ఒకటి లోపల ఉండిపోయింది. జరిగేది సరిగ్గా అదే. చక్కటి మాట చేతిలో పెట్టుకుని కూడా దాన్ని మళ్లీ "బలమైనది" అని ఎందుకు మార్చి చెబుతారో అర్థం కాదు.

బఠానీల కథ మీ అబ్బాయి పుస్తకంలో ఎలాగూ ఉంటుంది కాబట్టి పొడిగించను. బ్రనో పట్టణంలోని మఠం తోటలో 1856 నుంచి 1863 దాకా మెండెల్ బఠానీ మొక్కలు పెంచాడు. గుండ్రటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో కలిపితే వచ్చినవన్నీ గుండ్రటివే. వాటిని వేసి, తమలో తాము ఫలదీకరణ చెందనిస్తే 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు. రమారమి మూడుకు ఒకటి. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. అసలు తెలివి తర్వాత చేసిన పనిలో ఉంది. ఆ గుండ్రటి గింజల్లోంచి పెంచిన 565 మొక్కల్ని విడివిడిగా చూశాడు. 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి, 372 మొక్కల్లో మళ్లీ ముడతలవి బయటపడ్డాయి. పైకి అన్నీ ఒకేలా గుండ్రంగా ఉన్నా, మూడింట రెండు వంతులు లోపల ముడతను మోస్తున్నాయన్నమాట. కంచం చూసి కాదు, వంటింట్లోకి వెళ్లి కుక్కర్లు లెక్కపెట్టినట్టు.

ఆ ముడత వెనకున్నది కూడా కాప్సికం కథే. పిండిపదార్థం తయారీలో పనిచేసే ఒక ఎంజైము జన్యువులోకి ఎక్కడిదో డీఎన్ఏ ముక్క వచ్చి ఇరుక్కుంది, ఎంజైము పోయింది. చక్కెర పూర్తిగా పిండిగా మారదు, ఎక్కువ చక్కెర వల్ల గింజ నీళ్లు ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాక ఆ నీరు పోయి తోలు ముడుచుకుంటుంది. పచ్చి బఠానీ కాయ ఒలిస్తే రెండు రకాలూ నున్నగానే కనిపిస్తాయి. తేడా ఎండితేనే.

ఇప్పుడు మీ రెండో భయం. కారం బహిర్గతం కాబట్టి తరాలు గడిచేకొద్దీ అన్నీ కారంగా అయిపోతాయా? కావు. ఈ అనుమానం మీకే కాదు, వందేళ్ల కిందట పెద్ద పెద్ద వాళ్లకే వచ్చింది. 1908 ప్రాంతంలో పున్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త దీన్ని తనతో క్రికెట్ ఆడే గణితవేత్త హార్డీ దగ్గరికి తీసుకెళ్లాడు. రామానుజన్‌ని కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే. ఆయన నాలుగు లైన్ల లెక్కతో తేల్చేశాడు: ఎవరూ ఏరిపారేయకుండా, యాదృచ్ఛికంగా కలుస్తూ పోతే బహిర్గత లక్షణం పెరగదు, అంతర్గత లక్షణం తగ్గదు, ఏ పాళ్లలో మొదలైతే ఆ పాళ్లలోనే ఉంటాయి. పెరగడం, తరగడం నిర్ణయించేది ఎవరు బతికారు, ఎవరిని విత్తనానికి ఉంచారు అన్నది. బయటపడటం వేరు, వ్యాపించడం వేరు.

దీనికి సాక్ష్యం రోజూ మన కంచంలోనే ఉంది. వరిలో గింజ పొర ఎర్రగా ఉండటం బహిర్గతం, తెల్లగా ఉండటం అంతర్గతం. తెల్ల బియ్యం రకాల్లో ఆ రంగు జన్యువులోంచి 14 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయాయి. మరి లోకమంతా తింటున్నదేమిటి? తెల్ల బియ్యమే. మనిషి వేల ఏళ్లుగా తెల్లదాన్నే ఏరి దాచుకున్నాడు. బాస్మతి వాసనా అంతే, ఒక ఎంజైము పాడవడం వల్ల వచ్చిన అంతర్గత లక్షణం. పొట్టి వరీ అంతే.

పొట్టి వరి గురించి కాస్త ఆగి చెప్పాలి, మన డెల్టా వాళ్ల బతుకులు మార్చింది కాబట్టి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1962లో ఇండోనేసియాకు చెందిన 'పేట' అనే పొడుగు రకాన్ని, తైవాన్‌కు చెందిన 'డీ జియో వూ జెన్' అనే పొట్టి రకంతో కలిపారు. మొదటి తరం అన్నీ పొడుగే. ఏమీ తెలియనివాళ్లు ఆ మడి చూసి, పొట్టితనం పోయింది, క్రాస్ దండగ అనుకుని దున్నేసేవాళ్లు. రెండో తరంలో నాలుగో వంతు పొట్టివి తేలాయి. వాటిలోంచి ఏరగా ఏరగా 1966లో ఐఆర్8 బయటికొచ్చింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి 'మిస్టర్ ఐఆర్8' అనిపించుకున్నారు. ఎరువు వేస్తే పడిపోకుండా నిలబడి కాసే ఆ పొట్టి కాండం వెనక ఉన్నది మళ్లీ పనిచేయని జన్యువే. మొక్కను సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో ఒక మెట్టు విరిగిపోయి ఉంది.

అలాగని పొట్టితనం ఎప్పుడూ అంతర్గతమే అనుకోకండి. గోధుమలో హరిత విప్లవం తెచ్చిన పొట్టి జన్యువులు దాగవు. ఒక్క ప్రతి ఉన్నా మొక్క ఎంతోకొంత కురచవుతుంది. కారణం, అక్కడ పాడైంది హార్మోను తయారీ కాదు. పెరుగుదలను పట్టి ఉంచే బ్రేకు లాంటి ప్రొటీను ఒకటుంటుంది, హార్మోను వచ్చి వదలమంటే అది వదలాలి. మారిన ప్రొటీను వదలమన్నా వదలదు. పక్కన మంచి బ్రేకు ఉన్నంత మాత్రాన ఈ మొండి బ్రేకు విడిపోదు కదా. కాబట్టి ఏ లక్షణం బహిర్గతం, ఏది అంతర్గతం అని బట్టీ పట్టకుండా, లోపల ఏం పాడైంది, ఒక్క ప్రతితో పని జరుగుతుందా జరగదా అని అడగాలి. సమాధానం దానంతట అదే వస్తుంది.

పోయినేడు కాప్సికం కాయ ఎందుకు కారంగా లేదు అని మీరు అడగలేదు కానీ, చాలామంది ఇక్కడే తికమక పడతారు. "పచ్చిమిర్చి పక్కన పెడితే కాప్సికం కారమెక్కుతుంది" అని ఊరంతా చెప్పుకుంటారు. ఆ ఏడాది ఎక్కదు. కాయ గోడ గానీ, కారం పుట్టే చోటైన లోపలి తెల్లటి గుజ్జు గానీ, తల్లి మొక్క ఒళ్లే. పుప్పొడి ఎవరిదైనా అవి మారవు. కొత్త తండ్రి తాలూకు వాటా ఉన్నది గింజలో మాత్రమే. ఆ గింజ మొలిచి, పెరిగి, తన కాయ కాసినప్పుడు గానీ గుట్టు తెలియదు. మీకు ఏడాది ఆలస్యంగా తెలిసింది అందుకే.

మొక్కజొన్నలో మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. అక్కడ మనం తినేదే గింజ, ఆ గింజలో తండ్రి వాటా ఉంటుంది. ఒకసారి మేం స్వీట్‌కార్న్ విత్తన మడి వేశాం. నాలుగు మడుల అవతల ఒక రైతు మామూలు మొక్కజొన్న వేసుకున్నాడు, పూత సరిగ్గా మా దానితో కలిసింది. పాపం ఆయన తప్పేం లేదు, దూరం చూసుకోవాల్సింది నేను. కండెలు ఎండాక పొట్టు ఒలిస్తే, ముడతలు పడ్డ స్వీట్‌కార్న్ గింజల మధ్య అక్కడక్కడా నిండుగా ఉబ్బి మెరుస్తున్న గింజలు. తీపి అంతర్గతం, పిండి బహిర్గతం. గాలికొచ్చి పీచు మీద పడిన ప్రతి పరాయి పుప్పొడి ఒక్కో నిండు గింజై కూర్చుంది. ఏ కండెలో ఎంత కల్తీ జరిగిందో వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. ఆ మడి విత్తనానికి పనికిరాలేదు గానీ, ఆ కండె ఒకటి చాలా ఏళ్లు నా టేబుల్ మీద ఉంది. కొత్తవాళ్లకి మెండెల్ పాఠం దాంతోనే చెప్పేవాణ్ణి.

మూడో ప్రశ్న: ఆ రెండు మొక్కల నుంచి మళ్లీ కాప్సికం వస్తుందా? కారం లేని మిరప వస్తుంది. మీకు తెలిసిన కాప్సికం రాదు.

ఆ మొక్క పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టేలా చూసి, ఆ గింజలు వేస్తే, నాలుగింట ఒక మొక్కకు రెండు పాడైన ప్రతులూ చేరి కారం పోతుంది. నాలుగు మొక్కలు పెడితే ఒకటి కచ్చితంగా వస్తుందనుకుంటారు చాలామంది. అది సగటు లెక్క, హామీ కాదు. నాలుగూ కారంగానే వచ్చే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. కనీసం ఒక్కటైనా కారం లేనిది రావాలని నూటికి 95 పాళ్లు నమ్మకం కావాలంటే 11 మొక్కలు పెట్టాలి. నూటికి 99 కావాలంటే 16, 17. కుండీలు చూసుకోండి మరి.

వాటిని గుర్తుపట్టేది నాలుకతోనే. దీనికో పద్ధతుంది. మేం చెట్టుకో కాయ కోసి, నిలువునా చీల్చి, లోపలి తెల్ల గుజ్జుకు వేలు తాకించి ఆ వేలు నాలుక కొసకు పెట్టుకునేవాళ్లం. కాయ కొన కొరికి కారం లేదని రాసేస్తే మోసపోతాం, కొన ఎప్పుడూ చప్పగానే ఉంటుంది. ఒక మంచి కారం తగిలిందంటే తర్వాత పది నిమిషాలు నాలుక దేనికీ పనికిరాదు. గిన్నెడు పెరుగు దగ్గర పెట్టుకుని, తిని, ఆగి, అప్పుడు ఇంకోటి. పొద్దుటి పూట పది చెట్లు చూస్తే గొప్ప. తొందరపడి వరసగా చూస్తే అన్నీ కారంగానే అనిపిస్తాయి. నా మొదటి సీజన్ లెక్కలు అలాగే తగలబడ్డాయి, నిష్పత్తి ఎంతకీ మూడుకు ఒకటి రాదు!

కారం లేని మొక్క ఒకసారి దొరికితే ఆ ఒక్క లక్షణం వరకు ఇక నిశ్చింత. అంతర్గత లక్షణంలో ఉన్న సుఖమిది. బయట కనబడిందంటే లోపల రెండు ప్రతులూ అవే, వేరేది దాగి ఉండటానికి చోటు లేదు. పరాయి పుప్పొడి పడకపోతే దాని సంతానం మొత్తం కారం లేనిదే. కారపు మొక్కల విషయంలోనే అనుమానం. మూడింటిలో ఏ ఒకటి స్వచ్ఛమో దాని గింజలు వేసి చూస్తే గానీ తెలియదు. మెండెల్ 565 మొక్కలతో చేసింది అదే పని.

మరి కాప్సికం ఎందుకు రాదంటే, బుంగలాంటి ఆకారం, అరచేతిలో పట్టనంత సైజు, దళసరి గోడ, వీటికి ఒకే జన్యువు బాధ్యత వహించదు. చాలా జన్యువులు తలా కాస్త పంచుకున్నాయి. అవన్నీ ఒకే మొక్కలో తిరిగి కలవాలంటే మీ మిద్దె కాదు, ఎకరాలు కావాలి. మీకు వచ్చేవి కారం లేని బజ్జీ మిరపలాంటి కాయలు. అవీ బాగుంటాయి. కానీ కాప్సికమే కావాలంటే కొత్త విత్తనం కొనుక్కోవడం చవక.

మీ అబ్బాయి కోసం ఇంకో రెండు మాటలు. పెరట్లో చంద్రకాంత ఉంటుంది కదా, సాయంత్రం నాలుగింటికి విచ్చుకునేది. అందులో ఎర్ర రకాన్ని తెల్ల రకంతో కలిపితే గులాబీ రంగు వస్తుంది, తర్వాతి తరంలో ఎరుపు ఒకటి, గులాబీ రెండు, తెలుపు ఒకటి. ఇక్కడ ఒక్క ప్రతి చేసే రంగు పువ్వంతా ఎర్రబడటానికి చాలలేదు. దీన్ని అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు. ముడతల బఠానీలో కూడా, ఒక్క మంచి ప్రతి ఉన్న గింజ పైకి గుండ్రంగానే ఉన్నా, మైక్రోస్కోపు కింద దాని పిండి రేణువులు నడిమి రకంగా కనిపిస్తాయి. అంటే కంటితో చూస్తే పూర్తి బహిర్గతం, రేణువు స్థాయిలో చూస్తే అసంపూర్ణం. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయో లేదో నేను హామీ ఇవ్వను.

రెండోది, మన సాంబ మసూరి. బాపట్ల నుంచి వచ్చిన ఈ బీపీటీ 5204కు బాక్టీరియా ఎండాకు తెగులు బాగా సోకేది. హైదరాబాదులోని వరి పరిశోధన కేంద్రం, అక్కడిదే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి అందులోకి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చాయి. ఆ మూడింటి పేర్లు ఇంగ్లీషులో రాసినప్పుడు ఎక్స్‌ఏ21కి మొదటి అక్షరం పెద్దది, ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13లకు చిన్నది. పెద్దక్షరమంటే బహిర్గతం, చిన్నదంటే అంతర్గతం. తెగులును ఆపే గుణం అంతర్గతం ఎలా అవుతుందని అప్పట్లో నన్ను చాలామంది అడిగారు. ఎక్స్‌ఏ21 కాపలా కుక్కలాంటిది, బాక్టీరియాను పసిగట్టి మొరుగుతుంది, ఇంటికి ఒక్కటి చాలు. ఎక్స్‌ఏ13 కథ వేరు. బాక్టీరియా లోపలికొచ్చి మొక్కలోని ఒక చక్కెర తలుపును తనే తెరిపించుకుని తింటుంది. ఎక్స్‌ఏ13లో ఆ తలుపు గడియ మారిపోయింది, దొంగ తీయలేడు. కానీ రెండు తలుపులున్న ఇంట్లో ఒక దానికి గడియ మార్చి ఇంకో దాన్ని పాతదానితోనే వదిలేస్తే ఏం లాభం? రెండూ మారాలి. అందుకే అది అంతర్గతం. క్రాస్ చేసిన మొదటి తరంలో దాని ప్రభావం కనబడదు, ఏ మొక్కలో ఆ జన్యువు దాగి ఉందో కంటికి తెలియదు. డీఎన్ఏ పరీక్షతో పట్టుకుంటూ ముందుకు పోవాల్సి వచ్చింది.

ఇక వచ్చే ఏటి విత్తనం కోసం మీరు చేయాల్సిన పని. ఆ నాలుగు మంచి కాప్సికం మొక్కల్లో బాగా కాసినదాన్ని ఒకటి ఎంచుకోండి. రేపో మాపో విచ్చుకోబోతున్న మొగ్గలు, తెల్లబడి ఉబ్బినవి, నాలుగైదు చూసుకుని పేరంటాల్లో పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే నెట్ సంచి ఒక్కోదానికి తొడిగి దారం లాగండి. మరీ బిగించొద్దు, తొడిమ తెగుతుంది. పువ్వు విచ్చాక పొద్దున్నే సంచి మీదనుంచే వేలితో రెండు మూడు సార్లు తట్టండి, దాని పుప్పొడి దానికే రాలుతుంది. పిందె పడ్డాక సంచి తీసేసి ఆ తొడిమకు ఎర్ర దారం కట్టండి. కూరకు కోసేటప్పుడు ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ఎర్ర దారం కాయ ముట్టుకోవద్దని. మా ఇంట్లో రెండుసార్లు ఆ కాయే కూరలోకి వెళ్లిపోయింది.

మీ మొదటి ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాల్ని కలిపి చేసిన మొదటి తరం విత్తనం, అని ఉందేమో కూడా ఒకసారి చూడండి. ఉంటే, నెట్ కట్టినా కాయల సైజు, రంగు మొక్కమొక్కకూ మారతాయి. అవి మళ్లీ కారమెక్కకుండా ఉంటాయి, అంతవరకే ఈ సంచి పూచీ.